తిరిగివచ్చిన ముఖాలు: సూపర్‌హీరో సీక్వెల్ చిత్రాలలో పరిచిత పాత్రల పునరాగమనం – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

2021 డిసెంబరులో విడుదలైన 'స్పైడర్‌మ్యాన్: నో వే హోమ్' చిత్రం, అంతకుముందు రెండు దశాబ్దాలలో వేర్వేరు దర్శకులు తీసిన చిత్రమాలికలలోని పాత్రలను, నాటి నటులతోనే, ఒక్క కథలోకి తెచ్చింది. ఆ చిత్రం పొందిన ఆదరణను 'గతంపై మోజు' అన్న మాటతో సరిపెట్టడం చాలదని ఈ వ్యాసం వాదిస్తుంది. కామిక్ పత్రికలు, సీరియళ్లు, చిత్రమాలికలలో పునరాగమనం ఏ రూపాలు పొందిందో, హక్కుల యాజమాన్యం దానిని ఎలా నడిపిందో పరిశీలించి, తిరిగివచ్చిన పాత్ర ఎప్పుడు కథావస్తువు అవుతుంది, ఎప్పుడు ప్రదర్శనవస్తువుగా మిగులుతుంది అన్న ప్రశ్నను చర్చిస్తుంది.

కీలక పదాలు: సూపర్‌హీరో చిత్రాలు, సీక్వెల్, ప్రఖ్యాత ఇతివృత్తం, పునరాగమనం, కాపీరైట్, ప్రేక్షక స్మృతి.

ఉపోద్ఘాతం

'నో వే హోమ్' చిత్రంలో అత్యధిక హర్షధ్వానాలు పొందిన సన్నివేశం పోరాట సన్నివేశం కాదు. కథానాయకుని స్నేహితుడు నెడ్ ఇంట్లో, గాలిలో ఒక వెలుగుచక్రం తెరుచుకుంటుంది. అందులోనుంచి ముసుగు ధరించిన ఒక యువకుడు వచ్చి ముసుగు తీస్తాడు. అతడు ఆండ్రూ గార్‌ఫీల్డ్. కాసేపటికి మరొక చక్రంలోనుంచి సాధారణ దుస్తులలో టోబీ మాగ్వైర్ నడిచి వస్తాడు. ఆ గదిలో వారిద్దరూ చేసిన ఘనకార్యం ఏమీ లేదు. నెడ్ అమ్మమ్మ మొదటివానిని పైకప్పు మూలనున్న బూజు దులపమంటుంది, అతడు దులుపుతాడు. ఆ కొద్ది నిమిషాలూ అనేక దేశాల థియేటర్లలో ఈలలు, చప్పట్ల మధ్య సంభాషణలు వినిపించలేదు. మన దేశంలో ఈ చిత్రం అమెరికా కంటే ఒక రోజు ముందు, డిసెంబరు 16న, ఇంగ్లీషుతోపాటు తెలుగు, హిందీ, తమిళ అనువాదాలతో విడుదలైంది. మరునాడే 'పుష్ప' మొదటి భాగం వచ్చింది. అంటే తెలుగు ప్రేక్షకుడు ఒకే వారంలో ఒక దీర్ఘ చిత్రమాలిక పర్యవసానాన్నీ, మరొక దాని ప్రారంభాన్నీ చూశాడు.

బూజు దులిపే మనిషిని చూసి ప్రేక్షకుడు ఎందుకు లేచి నిలబడ్డాడు? ఈ ప్రశ్నకు తరచుగా వినిపించే సమాధానం, చిన్ననాటి జ్ఞాపకాన్ని వ్యాపారసంస్థలు తిరిగి అమ్ముతున్నాయన్నది. 2019లో మార్టిన్ స్కోర్సేసీ మార్వెల్ చిత్రాలను వినోద ఉద్యానాలతో పోల్చి, వాటిలో నిజమైన భావోద్వేగ ప్రమాదం లేదని చేసిన విమర్శ ఈ సమాధానానికి గౌరవప్రదమైన రూపం. అందులో నిజం ఉంది. అయితే అదే వ్యాపారం, అదే ఉపాయం, రెండేళ్ల తరువాత మరొక చిత్రంలో దారుణంగా విఫలమైంది. జ్ఞాపకాన్ని అమ్మడం అంత సులభమైతే ఆ వైఫల్యానికి వివరణ దొరకదు.

ప్రఖ్యాత వస్తువు, యజమాని లేని కథ

తెలిసిన పాత్ర పట్ల ఆకర్షణ మన అలంకారశాస్త్రానికి కొత్త విషయం కాదు. ధనంజయుని 'దశరూపకం' వస్తువును ప్రఖ్యాతం, ఉత్పాద్యం, మిశ్రం అని విభజించింది. ఇతిహాస పురాణాలనుండి గ్రహించినది ప్రఖ్యాతం. కవి స్వయంగా కల్పించినది ఉత్పాద్యం. రెండూ కలిసినది మిశ్రం. రామరాజభూషణుడు 'వసుచరిత్ర' అవతారికలో ఇదే విభాగాన్ని రత్నాల పోలికతో చెప్పాడు. కేవల కల్పనాకథ కృత్రిమ రత్నం, పూర్వకథ గనిలో పుట్టిన రత్నం, కవి కల్పనతో మెరుగుపడిన పూర్వకథ సానపట్టిన జాతిరత్నం అని ఆయన అభిప్రాయం. పాత్ర ముందే తెలిసి ఉండటం లోపం కాదనీ, కవి పని ఆ తెలిసినదానిపై సానపట్టడమేననీ పదహారవ శతాబ్దపు కవి నిస్సంకోచంగా అనుకున్నాడన్నమాట.

దీనికి ఇంకా పాత సాక్ష్యం తిక్కన 'నిర్వచనోత్తర రామాయణం'. సాహిత్య చరిత్రకారులలో అధికసంఖ్యాకుల కాలనిర్ణయాన్ని అంగీకరిస్తే, తెలుగులో పూర్వరామాయణ కావ్యమేదీ నిలిచి లేని దశలోనే తిక్కన ఉత్తరకథను రచించాడు. మొదటి భాగం తెలుగులో లేకుండానే రెండవ భాగం వచ్చింది! మొదటి భాగం పాఠకుల మనస్సులో ఉందన్న ధీమాయే దానికి ఆధారం. నేటి పరిభాషలో చెప్పాలంటే అది పూర్తిగా ప్రేక్షక స్మృతిపై ఆధారపడిన సీక్వెల్.

ఐతే ఒక ముఖ్యమైన భేదం ఉంది. రాముడు ఎవరి సొత్తూ కాదు. తిక్కన ఎవరి అనుమతీ కోరనక్కరలేదు. అయిదు శతాబ్దాల తరువాత కంకంటి పాపరాజూ కోరలేదు. సూపర్‌హీరో కూడా ప్రఖ్యాత పాత్రయే, కాని అతనికి యజమాని ఉన్నాడు. జెర్రీ సీగెల్, జో షుస్టర్ అనే ఇద్దరు యువకులు 1938లో సూపర్‌మ్యాన్‌ను 130 డాలర్లకు ప్రచురణకర్తలకు రాసి ఇచ్చారు. 1975లో, భారీ వ్యయంతో సూపర్‌మ్యాన్ చిత్రం సిద్ధమవుతున్న సమయంలో, తోటి చిత్రకారులు జరిపిన ఆందోళన ఫలితంగా వారికి వార్షిక భృతి, కర్తలుగా పేరు దక్కాయి. ఆనాటికి వారు అరవయ్యో పడిలో ఉన్నారు. పునరాగమన చరిత్రను చదివేటప్పుడు ఈ ఒప్పందపత్రాన్ని పక్కన పెట్టుకొనే చదవాలి. ఏ పాత్ర ఎప్పుడు తిరిగి వస్తుంది, ఎవరి ముఖంతో వస్తుంది అన్నది చాలాసార్లు రచయితలకంటే ముందు న్యాయవాదులే నిర్ణయించారు.

నోయెల్ నీల్: ఒక ముఖం, యాభై ఎనిమిదేళ్లు

వెండితెరపై సజీవ నటులతో సూపర్‌మ్యాన్ మొదట కనిపించింది 1948 నాటి 15 భాగాల సీరియల్‌లో. కర్క్ అలిన్ నాయకుడు, నోయెల్ నీల్ విలేఖరి లోయిస్ లేన్. 1950లో వచ్చిన 'ఆటమ్ మ్యాన్ వర్సెస్ సూపర్‌మ్యాన్' దానికి సీక్వెల్, వారిద్దరూ తిరిగివచ్చారు. అప్పటికి ఇది విశేషం కాదు. వారంవారం థియేటర్‌కు వచ్చే పిల్లలకు అదే ముఖం కనిపించడం సౌకర్యం మాత్రమే. టెలివిజన్ మాలిక వచ్చినప్పుడు నాయకుడు మారి జార్జ్ రీవ్స్ వచ్చాడు. మొదటి సంవత్సరం మరొక నటి ఉన్నా, రెండవ సంవత్సరం నుంచి లోయిస్ లేన్ మళ్లీ నోయెల్ నీలే.

విశేషం ఆ తరువాతే మొదలైంది. రిచర్డ్ డానర్ 1978లో తీసిన 'సూపర్‌మ్యాన్'లో అలిన్, నీల్ ఇద్దరూ చిన్నారి లోయిస్ తల్లిదండ్రులుగా కొన్ని క్షణాలు కనిపిస్తారు. 2006లో 'సూపర్‌మ్యాన్ రిటర్న్స్' చిత్రం ఆమెను ఒక వృద్ధ ధనవంతురాలిగా చూపింది. టెలివిజన్ మాలికలో జిమ్మీ ఓల్సెన్ పాత్రధారి జాక్ లార్సన్ అదే చిత్రంలో మద్యశాలలో పనివాడు. ఇక్కడ పాత్ర తిరిగి రాలేదు, నటి ముఖం మాత్రమే వచ్చింది. గుర్తించినవారికి అది ఒక నమస్కారం. గుర్తించనివారికి ఆమె కథలోని ఒక ముసలావిడ. ఎవరికీ నష్టం లేదు. ఈ మర్యాదపూర్వకమైన పద్ధతే నాకు అత్యంత నిరాడంబరమైన పునరాగమనంగా తోస్తుంది. తరువాతి చిత్రాలు దీనిని చాలా బిగ్గరగా చేశాయి.

1961: పాఠకుడు తన నాయకుని కలుసుకున్న రోజు

సినిమా చరిత్రకారులు తరచు దాటవేసే మలుపు ఒకటి కామిక్ పత్రికలో జరిగింది. రెండవ ప్రపంచయుద్ధానంతరం సూపర్‌హీరో కథల ఆదరణ పడిపోయింది. 1940లో పుట్టిన 'ఫ్లాష్' పాత్ర, అసలు పేరు జే గ్యారిక్, మూలపడింది. 1956లో ఆ పేరును మరొక కొత్త పాత్రకు, బ్యారీ ఆలెన్‌కు, ఇచ్చి పునరుద్ధరించారు. ఈ బ్యారీ చిన్ననాట జే గ్యారిక్ కామిక్ కథలు చదువుకున్నవాడు. ఆ అభిమానంతోనే తనకు 'ఫ్లాష్' అని పేరు పెట్టుకున్నాడు.

1961 సెప్టెంబరు సంచిక 'ది ఫ్లాష్' 123లో, గార్డ్‌నర్ ఫాక్స్ రచన, కార్మైన్ ఇన్‌ఫాంటినో చిత్రాలతో వచ్చిన కథలో, బ్యారీ అత్యంత వేగంతో కంపించి మరొక భూగోళంలోకి జారిపోతాడు. అక్కడ జే గ్యారిక్ నిజంగానే ఉన్నాడు; పెళ్లి చేసుకొని, పోరాటాలు మాని, విశ్రాంతిగా జీవిస్తున్నాడు. తన లోకంలో ఇతని సాహసాలను ఫాక్స్ అనే రచయిత కలలో చూసి రాశాడేమోనని బ్యారీ వివరణ. ఆ ఫాక్స్ 1940లో మొదటి ఫ్లాష్ కథ రాసిన రచయితే. తాను సృష్టించి విడిచిపెట్టిన పాత్రను రచయిత ఇరవయ్యొక్క ఏళ్లకు పరామర్శించాడు. 'బహుళ విశ్వం' అన్న నేటి సినిమా పరికరమంతా ఈ కథ నుంచి విస్తరించినదే.

మరుసటి ఏడాది ఉంబర్టో ఎకో సూపర్‌మ్యాన్‌పై ప్రసిద్ధ వ్యాసం ప్రకటించాడు. పురాణపాత్ర మార్పు లేనిది; నవలాపాత్ర కాలంలో అరిగిపోయేది. సూపర్‌మ్యాన్ పురాణపాత్రలా స్థిరంగా ఉండాలి, నవలాపాత్రలా ప్రతి వారం కొత్త సంఘటనలో పాల్గొనాలి. ఈ వైరుధ్యాన్ని పరిష్కరించడానికి కథలలోని కాలాన్ని స్వప్నంలా మసకబార్చారని ఎకో ప్రతిపాదన. నిన్న జరిగినదానికీ రేపు జరగబోయేదానికీ లంకె తెగిపోతే పాత్రకు వయసు రాదు, పెళ్లి కాదు, చావు లేదు. ఈ విశ్లేషణ నేటికీ ఉపయోగకరమే. అయితే ఫాక్స్ కథ అప్పటికే ఒక పక్కదారి తెరిచింది. ప్రధాన నాయకునికి వయసు రాకపోయినా, రెండవ భూగోళంలోని నాయకునికి వయసు రావచ్చు, పెళ్లి కావచ్చు. పునరాగమనం ఎకో చెప్పిన నిశ్చలకాలంలోకి చరిత్రను దొడ్డిదారిన ప్రవేశపెట్టింది. 'నో వే హోమ్'లో మాగ్వైర్ నడుమునొప్పి గురించి ఫిర్యాదు చేయడం ఈ దారిలో వచ్చినదే.

నాయకులు మారారు, బట్లర్ మారలేదు

చలనచిత్రాల విషయానికి వస్తే, 'సూపర్‌మ్యాన్ 2' మొదటి చిత్రంతో కలిపి చిత్రీకరణ మొదలైన సీక్వెల్. నిర్మాతలతో విభేదాల వల్ల డానర్‌ను తొలగించి రిచర్డ్ లెస్టర్‌తో పూర్తి చేయించారు. నాయకుని తండ్రిగా మార్లన్ బ్రాండో నటించిన దృశ్యాలు చేతిలో ఉన్నా, పారితోషిక వివాదం వల్ల వాటిని వాడలేదు. తండ్రి చెప్పవలసిన మాటలు తల్లి పాత్ర చెప్పింది. 2006లో ఆ దృశ్యాలు వెలుగు చూశాయి. డానర్ ఉద్దేశానికి అనుగుణంగా కూర్చిన ప్రతిలోను, 'సూపర్‌మ్యాన్ రిటర్న్స్'లోను బ్రాండో తిరిగి మాట్లాడాడు. ఆయన మరణించి అప్పటికి రెండేళ్లు. జీవించి ఉన్నప్పుడు రాలేని పాత్ర మరణించాక రాగలిగిందంటే, అడ్డు ఏ స్థాయిలో ఉండేదో వేరే చెప్పనక్కరలేదు.

1989 నుంచి 1997 వరకు వచ్చిన నాలుగు బ్యాట్‌మ్యాన్ చిత్రాలలో మైకేల్ కీటన్, వాల్ కిల్మర్, జార్జ్ క్లూనీ ఒకరి తరువాత ఒకరు నాయకులయ్యారు. నాలుగింటిలోనూ మారనివారు బట్లర్ ఆల్‌ఫ్రెడ్‌గా మైకేల్ గాఫ్, పోలీసు అధికారి గోర్డన్‌గా పాట్ హింగిల్. కథాలోకపు నిరంతరత అంతా ఈ ఇద్దరు వృద్ధ నటుల ముఖాలపై నిలిచింది. నాయకుడు మారినా ఇల్లు అదేనని ప్రేక్షకునికి చెప్పింది ఆ ఇంటి పనివాడు. పరిచిత పాత్రల విలువను లెక్కగట్టేటప్పుడు మనం ఎప్పుడూ నాయకులనే చూస్తాం. ఈ దొంతరలో కింద ఉన్నవారిని చూడం.

మూడు పీటర్ పార్కర్‌లు, ఒకే ఒప్పందం

స్టాన్ లీ, స్టీవ్ డిట్కో సృష్టించిన స్పైడర్‌మ్యాన్ 1962లో 'అమేజింగ్ ఫాంటసీ' 15వ సంచికలో పుట్టాడు. 1996 చివర దివాలా రక్షణకు వెళ్లిన మార్వెల్ సంస్థ తన పాత్రల చలనచిత్ర హక్కులను వేర్వేరు స్టూడియోలకు ఇచ్చుకుంది. స్పైడర్‌మ్యాన్ సోనీకి దక్కాడు. శామ్ రైమీ దర్శకత్వంలో టోబీ మాగ్వైర్ నాయకునిగా 2002, 2004, 2007లలో మూడు చిత్రాలు వచ్చాయి. నాలుగవదాని ప్రయత్నం 2010 జనవరిలో ఆగిపోయింది. నిర్ణీత గడువులోగా కొత్త చిత్రం తీయకపోతే హక్కులు మార్వెల్‌కు తిరిగిపోయే నిబంధన ఉన్నందున సోనీ వేచి ఉండలేదు. మార్క్ వెబ్ దర్శకత్వంలో ఆండ్రూ గార్‌ఫీల్డ్‌తో కథను మొదటినుంచి ప్రారంభించింది. 2014లో రెండవ చిత్రం ఆశించిన ఫలితం ఇవ్వకపోవడంతో అదీ అర్ధాంతరంగా ముగిసింది. 2015 ఫిబ్రవరిలో సోనీ, మార్వెల్ కుదుర్చుకున్న ఒప్పందం మూడవ నాయకుడు టామ్ హాలండ్‌ను తెచ్చింది. 2019 ఆగస్టులో ఆ ఒప్పందం తెగి, సెప్టెంబరులో మళ్లీ అతికింది.

ఈ వరుసను గమనిస్తే ఒక సంగతి బోధపడుతుంది. మాగ్వైర్ కథకు వీడ్కోలు జరగలేదు. గార్‌ఫీల్డ్ కథ విషాదం మధ్యలో ఆగింది. రెండు ముగింపులనూ వాయిదా వేసింది వ్యాపార నిర్ణయమే. కనుక 2021లో ప్రేక్షకుడు కోరుకున్నది గతాన్ని మళ్లీ అనుభవించడం ఒక్కటే అనుకోవడం సరికాదు. అతనికి బాకీ ఉన్న ముగింపు అది. బాకీ పెట్టిన సంస్థే దానిని తీర్చి టిక్కెట్ డబ్బులు తీసుకుంది అనేవారితో నాకు పేచీ లేదు. అలాగని బాకీ అబద్ధం కాదు.

జాన్ వాట్స్ దర్శకత్వం వహించిన చిత్రం ఈ బాకీని మూడు చోట్ల తీర్చింది. మొదటిది దుష్టపాత్రల విషయం. విల్లెం డెఫో పోషించిన నార్మన్ ఆస్‌బోర్న్, ఆల్‌ఫ్రెడ్ మోలినా పోషించిన డాక్టర్ ఆక్టోపస్ తమ తమ చిత్రాలలో మరణించినవారు. మంత్రం వికటించి వారు ఈ లోకంలోకి వచ్చిపడినప్పుడు, వెనక్కి పంపితే మృత్యువుకే పంపినట్లని చిన్న పీటర్‌కు తెలుస్తుంది. వారిని జయించడానికి బదులు వారికి చికిత్స చేయాలని అతడు పూనుకుంటాడు. పాత చిత్రాలు ముగింపు కోసం బలిపెట్టిన మనుషులను వెనక్కి తెచ్చి, ఆ ముగింపు తప్పనిసరియా అని కొత్త చిత్రం అడిగింది. పాత్రలు తిరిగి రాకపోతే ఈ ప్రశ్న వేయడానికి వీలే లేదు.

రెండవది పతనం. 1973లో గెర్రీ కాన్వే రచనలో పీటర్ ప్రియురాలు గ్వెన్ స్టేసీ వంతెన మీదనుంచి పడి మరణించింది. అమెరికన్ కామిక్ చరిత్రలో దానినొక యుగాంతంగా చెబుతారు. 2014 చిత్రంలో ఎమ్మా స్టోన్ పోషించిన గ్వెన్ గడియారపు గోపురంలో పడిపోతుంది. గార్‌ఫీల్డ్ సాలెదారం అందినా ప్రాణం దక్కదు. 'నో వే హోమ్' పతాకసన్నివేశంలో హాలండ్ ప్రియురాలు ఎమ్‌జె పడిపోతుండగా, ఆమెను పట్టుకొనేది గార్‌ఫీల్డ్. నేలమీద దింపి, క్షేమమేనా అని అడుగుతున్న అతని కళ్లలో నీరు. ఆమె అతనికి పరాయి స్త్రీ. అతడు రక్షించినది ఆమెనే అయినా అతని దుఃఖం మరొకరి కోసం.

ఇక్కడ రచనానైపుణ్యం గమనించదగ్గది. ఈ దృశ్యానికి ముందే, మేడమీద జరిగే సంభాషణలో గార్‌ఫీల్డ్ పాత్ర గ్వెన్ మరణాన్నీ, తరువాత తనలో నిండిన కసినీ చెబుతుంది. 2014 చిత్రం చూడని ప్రేక్షకునికి కూడా అవసరమైన జ్ఞాపకాన్ని ఈ చిత్రమే అందించింది. చూసినవారికి అది రెట్టింపవుతుంది. తిక్కన పాఠకుని స్మృతిని పూర్తిగా నమ్ముకోగలిగాడు, ఎందుకంటే రామకథ ఊరూరా వినబడేది. ఏడేళ్ల నాటి వాణిజ్యచిత్రానికి ఆ వ్యాప్తి ఉండదు. కనుక రచయితలు స్మృతిని ఊహించుకోవడం మాని నిర్మించారు.

మూడవది నోటిమాట అవసరం లేని దృశ్యం. తన పిన్ని మేను చంపిన గాబ్లిన్‌ను అతని ఎగిరే వాహనంతోనే పొడవడానికి హాలండ్ సిద్ధపడతాడు. 2002 చిత్రంలో నార్మన్ మరణించింది అటువంటి వాహనం తగిలే. ఆ మరణాన్ని కళ్లారా చూసిన మాగ్వైర్ ఇప్పుడు మధ్యకు వచ్చి, ఆయుధాన్ని చేతులతో ఆపి, ఏమీ అనకుండా చిన్నవాని కళ్లలోకి చూస్తాడు. పెద్దవాడైన నటుని ముఖంలో పంతొమ్మిదేళ్ల కాలం ఉంది. దానిని ఏ కొత్త నటుడూ తేలేడు.

చిత్రం ముగింపు గురించి తగినంత చర్చ జరిగినట్లు కనిపించదు. లోకాలు కూలకుండా ఉండాలంటే పీటర్ పార్కర్ అనేవాడిని అందరూ మరచిపోవాలి. అతడు అంగీకరిస్తాడు. ప్రేమించినదానికీ, స్నేహితునికీ అతడెవరో తెలియదు. చిన్న గదిలో ఒంటరిగా, చేతితో కుట్టుకున్న దుస్తులతో మిగులుతాడు. ప్రేక్షకుల జ్ఞాపకశక్తిపై ఆధారపడి సుమారు 190 కోట్ల డాలర్లు ఆర్జించిన చిత్రం కథలోపల విస్మృతితో ముగిసింది. సహృదయునికి దుష్యంతుడు గుర్తుకు రాక తప్పదు, కాని ఇక్కడ ఉంగరం లేదు. తెరమీద అతనిని ఎవరూ గుర్తుపట్టని క్షణంలో గుర్తుపట్టగలిగినది థియేటర్‌లో కూర్చున్నవారొక్కరే. కరోనా కాలంలో మూతపడి తెరుచుకున్న థియేటర్లలో, నలుగురితో కలిసి చూసిన ప్రేక్షకునికి ఈ స్థానం మరింత బరువుగా తోచి ఉంటుందని నా ఊహ.

రానివాడు కూడా తిరిగివచ్చిన చిత్రం

2023 జూన్‌లో వచ్చిన 'ది ఫ్లాష్' చిత్రంలో మైకేల్ కీటన్ ముప్ఫై ఒక్క ఏళ్ల తరువాత బ్యాట్‌మ్యాన్‌గా తిరిగివచ్చాడు. లోకాలు ఢీకొనే ఘట్టంలో జార్జ్ రీవ్స్, క్రిస్టొఫర్ రీవ్ రూపాలను కంప్యూటర్ సహాయంతో సృష్టించి చూపారు. మొదటివాడు 1959లో, రెండవవాడు 2004లో మరణించారు. వారితోపాటు సూపర్‌మ్యాన్ దుస్తులలో నికొలస్ కేజ్ కూడా కనిపిస్తాడు. 1998లో రద్దయిన ఒక చిత్రంలో ఆయన ఆ పాత్ర వేయవలసి ఉండింది. ఎన్నడూ రానివాడు తిరిగిరావడం ప్రపంచ సినిమాలో అరుదైన సంగతే!

ఈ చిత్రం సుమారు 27 కోట్ల డాలర్ల వసూళ్లతో పరాజయం పొందింది. కారణాలు పలు. ప్రధాన నటునిపై వివాదాలున్నాయి. ఆ చిత్రలోకాన్ని పక్కనపెట్టి కొత్తగా ఆరంభిస్తామని సంస్థ అప్పటికే ప్రకటించింది. వాటిని తగ్గించి చెప్పనక్కరలేదు. అయినా కథాస్థాయిలో ఒక భేదం ఉంది. మరణించిన నటుల బొమ్మలు అక్కడ ఏమీ చేయవు, ఏమీ కోల్పోవు, కనిపించి చెరిగిపోతాయి. 1978లో నోయెల్ నీల్ తన ఇష్టంతో వచ్చి, తన వయసుతో, కథలో ఒక పని చేసి వెళ్లింది. రీవ్‌కు ఆ అవకాశం లేదు. పరిచిత ముఖం చప్పట్ల కోసం వచ్చిందా, కథలో దేనినైనా మార్చడానికి వచ్చిందా అన్నది ప్రేక్షకుడు శాస్త్రం చదవకుండానే పసిగడతాడని ఈ రెండు చిత్రాల తారతమ్యం సూచిస్తుంది. 2024లో 'డెడ్‌పూల్ అండ్ వుల్వరిన్' చిత్రం వెస్లీ స్నైప్స్, జెన్నిఫర్ గార్నర్ వంటివారిని తిరిగి తెచ్చినప్పుడు, ముగింపు దక్కని పాత్రల బాధనే వారి సంభాషణల విషయం చేసింది. 2019లో డిస్నీ సంస్థ ఫాక్స్‌ను కొనుగోలు చేసింది. హాస్యంలోనైనా సరే, యాజమాన్య చరిత్రను ఆ చిత్రం దాచలేదు.

తెలుగు తెరపై

ఎన్.టి. రామారావు 'మాయాబజార్'లో, 1957లో, కృష్ణుడయ్యాక 'శ్రీకృష్ణార్జున యుద్ధం', 'శ్రీకృష్ణ పాండవీయం', 'దానవీరశూరకర్ణ' వంటి అనేక చిత్రాలలో అదే పాత్రగా తిరిగివచ్చారు. ఈ చిత్రాలన్నిటికీ నిర్మాత ఒకరు కాదు, దర్శకుడు ఒకరు కాదు. ఒకటి మరొకదానికి సీక్వెల్ కాదు. కాని ప్రేక్షకుని దృష్టిలో అది ఒకే కృష్ణుని నిరంతర చరిత్ర. హాలీవుడ్ స్టూడియోలు ఏళ్ల తరబడి ఒప్పందాలతో సాధించిన కథాలోకం, తెలుగులో ఏ ఒప్పందం లేకుండా ఒక ముఖం చుట్టూ ఏర్పడింది. పాత్రపై హక్కు ఎవరికీ లేకపోవడమే దానికి కారణం. అదే నటుడు 1980లో వి. మధుసూదనరావు దర్శకత్వంలో 'సూపర్‌మ్యాన్' అయ్యారు. ఆ నాయకునికి శక్తులు దూరగ్రహం నుంచి కాక హనుమంతుని అనుగ్రహం వల్ల వస్తాయి. దిగుమతి అయిన దుస్తుల కింద ప్రఖ్యాత పాత్రను నిలిపిన ఆ చిత్రాన్ని మిశ్రవస్తువుకు ఉదాహరణగా చూపవచ్చు. దానిని ఇంతకాలం వింతగా నవ్వుకోవడమే తప్ప మన పరిశోధన పట్టించుకోలేదు.

ప్రశాంత్ వర్మ దర్శకత్వంలో 2024 జనవరి 12న విడుదలైన 'హను-మాన్' ఈ మార్గాన్ని చిత్రమాలిక రూపంలోకి తెచ్చింది. అంజనాద్రి అనే కల్పిత గ్రామంలో హనుమంతు అనే యువకునికి ఒక మణి దొరుకుతుంది. దాని శక్తికి మూలం ఆంజనేయుడు. చిత్రం చివర 'జై హనుమాన్' అనే సీక్వెల్‌ను ప్రకటించారు. అందులో తిరిగివచ్చే పరిచిత పాత్ర చిరంజీవి అయిన హనుమంతుడే. అతడు వెళ్లిపోయినదెప్పుడు గనుక అని ఒక పౌరాణికుడు అడగవచ్చు. యాజమాన్యపు గీత ఇక్కడ ఒకే కథ మధ్యలోనుంచి వెళ్తుంది. సూపర్‌మ్యాన్ మొదటి కథపై అమెరికాలో హక్కు 2033తో ముగుస్తుంది. ఆంజనేయునిపై ఎన్నడూ ఎవరికీ హక్కు లేదు. అంజనాద్రి గ్రామం, ఆ మణి, ఆ యువకుడు ఉన్న చలనచిత్రానికి మాత్రం విడుదలైన మరుసటి సంవత్సరం నుంచి భారత కాపీరైట్ చట్టం ఇచ్చే రక్షణ 60 ఏళ్లు, అనగా 2084 డిసెంబరు 31 వరకు.